షాపులో డిస్‌ప్లే పోయిందన్నారు, స్క్రీన్‌షాట్ కాదంది! లైనక్స్‌లో గీతలు, రెపరెపలు ఎక్కడి నుంచి వస్తాయి?

శనివారం సాయంత్రం హైదరాబాద్ నుంచి ఊరికొచ్చి, బ్యాగ్ ఇంకా భుజం మీద ఉండగానే చెల్లె ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. "నువ్వే గద అన్నా లైనక్స్ ఎక్కించినవ్, ఇగ నువ్వే చూడు" అంది. స్క్రీన్ మీద కోడ్ ఎడిటర్ తెరిచి ఉంది. రెండు సెకన్లు ఏం ముట్టుకోకుండా ఉంటే చాలు, మధ్యలో ఒక అడ్డపట్టీ లేచి కిందికి జారుతోంది. ఆ పట్టీలో ఎప్పుడో మూసేసిన విండో తాలూకు ముక్కలు. ఒక్కోసారి స్క్రీన్ మొత్తం రెపరెపమని కొట్టుకుని మళ్లీ మామూలైపోతోంది.

సోమవారం పొద్దున పదింటికి తనకి క్యాంపస్ ప్లేస్‌మెంట్ కోడింగ్ టెస్ట్. 90 నిమిషాలు, ఇంటి నుంచే రాయాలి, కెమెరా ఆన్‌లో ఉండాలి, రెండో మానిటర్ తగిలిస్తే టెస్ట్ రద్దు. ముందు రోజు నాయిన ల్యాప్‌టాప్‌ని సిద్దిపేటలో ఒక రిపేర్ షాపుకి తీసుకెళ్లాడట. డిస్‌ప్లే ప్యానెల్ పోయింది, 6,800 అవుతుంది, పార్ట్ హైదరాబాద్ నుంచి రావాలి, మంగళవారం ఇస్తాం అన్నారట. "పైసలదేముంది, మక్కలు అమ్మినయ్ ఉన్నయ్. మంగళారం అంటున్నరు, గదే రంది" అన్నాడు నాయిన.

నాకు ఇంకో రంది కూడా ఉంది. ఆ ల్యాప్‌టాప్ పాతది, విండోస్ 11 ఎక్కదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కదా, అప్పుడు "లైనక్స్ వేద్దాం, మస్తు ఫాస్ట్ అయితది" అని ఎక్కించింది నేనే. ఇప్పుడు ఈ టెస్ట్ పోతే ఇంట్లో నా మాటకి విలువ ఏముంటుంది?

ఇంతకీ మా ఊరు ఇబ్రహీంపూర్. సిద్దిపేట జిల్లా, నారాయణరావుపేట మండలం. 2016లో నోట్ల రద్దు తర్వాత నగదు రహిత గ్రామం అని పేపర్లకెక్కిన ఊరు. అప్పుడు నేను స్కూల్లో ఉన్నా. కిరాణా కొట్లోకి స్వైపింగ్ మెషీన్ వస్తే పిల్లలమంతా చూడ్డానికి వెళ్లేవాళ్లం. మెషీన్లు అయితే ఊరిదాకా వచ్చేస్తాయి. వాటిని బాగుచేసే మనిషి కావాలంటే మాత్రం ఇప్పటికీ సిద్దిపేట పోవాల్సిందే. అందుకే ఈ ఆర్టికల్‌లో కొత్తగా ఏదీ కొనకుండా, జీబీలకి జీబీలు డౌన్‌లోడ్ చేయకుండా ఏం చెక్ చేయొచ్చో అదే రాస్తున్నా.

ఒక విషయం ముందే చెప్తా. చెల్లె ల్యాప్‌టాప్ ఏ బ్రాండో, అందులో ఏ గ్రాఫిక్స్ చిప్ ఉందో, ఏ డిస్ట్రోనో కావాలనే రాయట్లేదు. రాస్తే ఆ కంపెనీ ఫ్యాన్స్‌కీ మిగతావాళ్లకీ గొడవ మొదలవుతుంది. ఇలాంటి తిప్పలు ఇంటెల్, ఏఎండీ, ఎన్‌విడియా మూడింటి వాళ్లూ పడుతూనే ఉంటారు.

మొదటి పని: స్క్రీన్‌షాట్ తీయండి

వినడానికి సిల్లీగా ఉంటుంది. కానీ స్క్రీన్ కరప్ట్ అయినప్పుడు ఇంతకన్నా చవకైన, ఇంతకన్నా పనికొచ్చే టెస్ట్ లేదు.

ఎందుకో అర్థం కావాలంటే ఫ్లెక్సీ షాపు గుర్తు తెచ్చుకోండి. డీటీపీ చేసే అతను కంప్యూటర్‌లో డిజైన్ చేస్తాడు, ఆ ఫైల్ ప్రింటింగ్ మెషీన్‌కి వెళ్తుంది. ఫ్లెక్సీ మీద సర్పంచ్ గారి మొహానికి అడ్డంగా గీత పడిందనుకోండి. ముందు ఏం చూస్తాం? డిజైన్ ఫైల్ తెరిచి చూస్తాం. ఫైల్‌లోనే గీత ఉంటే డిజైన్ చేసిన చోట తప్పు. ఫైల్ నీట్‌గా ఉంటే ప్రింటింగ్‌లో తప్పు.

లైనక్స్ డెస్క్‌టాప్‌లో కూడా బొమ్మ ఇలాగే రెండు మజిలీల్లో తయారవుతుంది. మొదటి మజిలీలో బొమ్మ గీస్తారు. యాప్ అడుగుతుంది, మెసా లాంటి గ్రాఫిక్స్ లైబ్రరీ ఆ పనిని జీపీయూకి అర్థమయ్యేలా మారుస్తుంది, అన్ని విండోల్నీ కాంపోజిటర్ (గ్నోమ్‌లో మట్టర్, కేడీఈలో కేవిన్) ఒక ఫ్రేమ్‌గా అతికిస్తుంది. రెండో మజిలీలో ఆ ఫ్రేమ్‌ని కెర్నల్‌లోని డిస్‌ప్లే డ్రైవర్ తీసుకుని కేబుల్ గుండా ప్యానెల్‌కి పంపిస్తుంది. స్క్రీన్‌షాట్ తీసేది మొదటి మజిలీ చివర్లో. ప్యానెల్ మీద నిజంగా ఏం వెలుగుతోందో దానికి తెలీదు.

కాబట్టి గీతలు కనిపిస్తున్నప్పుడే స్క్రీన్‌షాట్ కొట్టండి. తర్వాత ఆ ఫొటోని వాట్సాప్‌లో ఫోన్‌కి పంపుకుని ఫోన్‌లో చూడండి. పాడైన స్క్రీన్ మీదే చూస్తే ఏది ఫొటోలో ఉందో, ఏది స్క్రీన్ మీద ఉందో తేలదు. నేను మొదటిసారి ఆ తప్పే చేశా. ఫోన్‌లో కూడా గీతలు ఉంటే ప్యానెల్ నిర్దోషి. మెసా, కాంపోజిటర్, యాప్, లేదంటే జీపీయూ దగ్గరే తేడా. ఫోన్‌లో క్లీన్‌గా ఉంటే తేడా రెండో మజిలీలో: డిస్‌ప్లే డ్రైవర్, కేబుల్, ప్యానెల్, ఈ మూడింట్లో ఒకటి.

చెల్లె ల్యాప్‌టాప్‌లో స్క్రీన్‌షాట్ క్లీన్‌గా వచ్చింది. "అంటే షాపాయన చెప్పిందే కరెక్టా?" అంది. అప్పటికింకా నాకూ తెలీదు.

గీతలు క్షణంలో వచ్చి పోతుంటే ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి స్క్రీన్‌ని వీడియో తీయండి. 240 ఫ్రేమ్స్ మోడ్ ఉంటే 60 హెర్ట్జ్ స్క్రీన్ ఒక్కసారి రిఫ్రెష్ అయ్యేలోపు మీ దగ్గర నాలుగు ఫ్రేమ్స్ ఉంటాయి. పట్టీ ఎక్కడ మొదలైంది, ఎటు జారింది అన్నీ తెలుస్తాయి. బ్రైట్‌నెస్ మాత్రం ఫుల్ పెట్టండి. తక్కువ బ్రైట్‌నెస్‌లో చాలా ప్యానెల్స్ బ్యాక్‌లైట్‌ని వేగంగా ఆర్పి వెలిగిస్తుంటాయి, కెమెరాకి అవే నల్లపట్టీల్లా పడి మనల్ని తప్పుదారి పట్టిస్తాయి.

టీవీకి పెడితే బాగుంది.. అయినా ప్యానెల్ పోలేదు

షాపులో ఎలా టెస్ట్ చేశారని నాయినని అడిగా. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో బయటి మానిటర్‌కి పెట్టారట. అందులో బొమ్మ సాఫీగా వచ్చింది, ల్యాప్‌టాప్ స్క్రీన్‌లో మాత్రం గీతలు. సో ప్యానెల్ పోయింది. నేను ఇంట్లో టీవీకి పెట్టి చూస్తే నాకూ అదే వచ్చింది.

షాపాయన్ని తప్పుపట్టలేం. విండోస్ ల్యాప్‌టాప్‌లు రోజూ చూసే ఎవరైనా ఇదే టెస్ట్ చేస్తారు, చాలాసార్లు జవాబు కూడా కరెక్టే. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. ల్యాప్‌టాప్ లోపలి ప్యానెల్‌కి వెళ్లే దారి వేరు, హెచ్‌డీఎంఐ దారి వేరు. లోపలి ప్యానెల్‌కి ఈడీపీ అనే లింక్ ఉంటుంది. బ్యాటరీ ఆదా కోసం డ్రైవర్ ఆ దారిలో చేసే కొన్ని విన్యాసాలు హెచ్‌డీఎంఐ దారిలో అసలు ఉండవు. అంటే హెచ్‌డీఎంఐ బాగుండి లోపలి స్క్రీన్ బాగోలేకపోతే ప్యానెల్ పోయి ఉండొచ్చు, ప్యానెల్‌ని నడిపే డ్రైవర్ కోడ్‌లో తేడా కూడా ఉండొచ్చు. ఆ టెస్ట్ ఒక్కటీ ఈ రెండింటినీ విడదీయలేదు.

విడదీయడానికి ఇంకో మూడు చిన్న పనులు చేశా.

మూత మెల్లగా ముందుకీ వెనక్కీ వంచి చూశా. హింజ్ దగ్గర కేబుల్ నలిగి ఉంటే, లూజ్‌గా ఉంటే మూత కదిలినప్పుడు గీతలు మారతాయి. ఏం మారలేదు. తర్వాత రీస్టార్ట్ చేసి బయోస్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, అన్నం తిని వచ్చేదాకా అలాగే వదిలేశా. అక్కడ లైనక్స్ ఉండదు, లైనక్స్ డ్రైవర్ ఉండదు. ప్యానెల్ నిజంగా పోతే అక్కడా గీతలు రావాలి. ఇరవై నిమిషాలైనా ఒక్క గీత రాలేదు. నాకు ఆశ పుట్టింది అక్కడే.

ఇక మూడోది నేను చేసింది కాదు, చెల్లె నోటి నుంచి వచ్చింది. "యూట్యూబ్ చూస్తె మంచిగనే ఉంటది అన్నా. కోడ్ రాసెటప్పుడే ఆగం చేస్తది." వీడియో నడుస్తుంటే బాగుంటుంది, స్క్రీన్ కదలకుండా ఉంటే పాడవుతుంది. పాడైన ప్యానెల్‌కి అందులో ఏం ఆడుతోందో పట్టదు. కదలని బొమ్మకీ కదిలే బొమ్మకీ తేడా చూపించేది ఆ రెండింటినీ వేరువేరుగా చూసే సాఫ్ట్‌వేరే.

పీఎస్ఆర్ అనే పొదుపు పథకం

ఆ తేడా చూపించే ఫీచర్ పేరు ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్, పొట్టిగా పీఎస్ఆర్. 2011లో వచ్చిన ఈడీపీ 1.3 స్టాండర్డ్‌తో ల్యాప్‌టాప్‌ల్లోకి వచ్చింది. మామూలుగా జీపీయూ సెకనుకి 60 సార్లు ఫ్రేమ్‌ని ప్యానెల్‌కి పంపుతూనే ఉంటుంది, బొమ్మ మారినా మారకపోయినా. మీరు ఒక పేజీ తెరిచి చదువుతూ కూర్చుంటే అదే బొమ్మ 60 సార్లు పంపడం కరెంటు దండగే కదా. పీఎస్ఆర్ ఉన్న ప్యానెల్‌కి సొంతంగా చిన్న మెమరీ ఉంటుంది. బొమ్మ మారట్లేదని డ్రైవర్‌కి తెలిస్తే, ఆఖరి ఫ్రేమ్‌ని ఆ మెమరీలో పెట్టించి, ఇకపై నీది నువ్వే చూపించుకో అని లింక్‌ని నిద్రపుచ్చుతుంది. కర్సర్ మిణుకుమనగానే లింక్ లేవాలి, కొత్త ఫ్రేమ్ వెళ్లాలి. తర్వాతి వెర్షన్లలో మారిన ముక్క మాత్రమే పంపే తెలివి కూడా వచ్చింది.

ఐడియా బాగుంది. తిప్పలంతా నిద్రపోయే, లేచే ఆ క్షణాల్లోనే. డ్రైవర్ ఒక లెక్కలో లేపుతుంది, ప్యానెల్ ఇంకో లెక్కలో లేస్తుంది. ప్యానెల్స్ తయారుచేసేవాళ్లు ఎంతోమంది, ఒక్కోదాని టైమింగ్ ఒక్కోలా ఉంటుంది. లెక్క తప్పితే పాత ఫ్రేమ్ ముక్క కనిపిస్తుంది, పట్టీ జారుతుంది, స్క్రీన్ కొట్టుకుంటుంది. వీడియో నడుస్తుంటే బొమ్మ మారుతూనే ఉంటుంది కాబట్టి నిద్రే ఉండదు, గొడవా ఉండదు. కోడ్ ఎడిటర్‌లో అయితే కర్సర్ మిణుకుమన్న ప్రతిసారీ నిద్ర, మెలకువ, నిద్ర, మెలకువ.

ఇక్కడిదాకా నాది అనుమానమే. రుజువు చేయాలి. రాత్రి పదకొండు దాటింది, ఫోన్ హాట్‌స్పాట్‌లో మిగిలిన డేటా ఒక జీబీకి కాస్త తక్కువ. వేరే లైవ్ యూఎస్‌బీ చేసుకుందామంటే ఉబుంటు లాంటి వాటి ఐఎస్ఓ ఫైల్ 5 జీబీ పైమాటే.

లైనక్స్‌లో నాకు బాగా నచ్చే విషయం ఇదే: చాలా డిస్ట్రోలు కొత్త కెర్నల్ వేసుకున్నా పాతదాన్ని వెంటనే పారేయవు. బూట్ అయ్యేటప్పుడు ఎస్కేప్ కీ కొడితే (పాత బయోస్ సిస్టమ్స్‌లో షిఫ్ట్ పట్టుకుంటే) గ్రబ్ మెనూ వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే పాత కెర్నల్ అక్కడే కూర్చుని ఉంటుంది. డౌన్‌లోడ్ అక్కర్లేదు, ఇన్‌స్టాల్ అక్కర్లేదు. ఎంచుకుని ఎంటర్ కొట్టడమే.

కొట్టా. పది నిమిషాలు కోడ్ ఎడిటర్ తెరిచి చేతులు కట్టుకుని ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. ఒక్క పట్టీ లేదు. అప్‌డేట్ హిస్టరీ తీసి చూస్తే గీతలు మొదలైన రోజుకి సరిగ్గా ముందు రోజు కొత్త కెర్నల్ పడి ఉంది.

నిజానికి ఇక్కడితో ఆపేసినా సోమవారం టెస్ట్ గట్టెక్కేది. పాత కెర్నల్‌లో రాసెయ్యొచ్చు. చెల్లె కూడా "చాలు అన్నా, ఇగ ముట్టకు" అంది. కానీ ఎప్పటికీ పాత కెర్నల్‌లో ఉండలేం, సెక్యూరిటీ ఫిక్స్‌లు రావు. అదీగాక నా అనుమానం కరెక్టో కాదో తేలకపోతే నాకు నిద్ర పట్టదు.

మళ్లీ రీస్టార్ట్ చేసి, గ్రబ్ మెనూలో ఈసారి కొత్త కెర్నల్ మీద నిలబడి కీబోర్డ్‌లో ఇంగ్లీష్ అక్షరం 'ఈ' నొక్కా. బూట్ సెట్టింగ్స్ టెక్స్ట్‌లా తెరుచుకుంటాయి. 'లైనక్స్' అనే పదంతో మొదలయ్యే లైన్ చివర ఒక ఖాళీ వదిలి పీఎస్ఆర్ ఆఫ్ చేసే మాట చేర్చి, కంట్రోల్, ఎక్స్ కలిపి నొక్కితే ఆ ఒక్కసారికి మాత్రమే అలా బూట్ అవుతుంది. ఏదైనా తప్పు రాసినా భయం లేదు, రీస్టార్ట్ చేస్తే అంతా యథాతథం. ఈ ఒక్కసారి పద్ధతి తెలీక చాలామంది నేరుగా ఫైల్ ఎడిట్ చేసి, బూట్ అవ్వక తల పట్టుకుంటారు.

ఆ మాట డ్రైవర్‌ని బట్టి మారుతుంది. మీది ఏ డ్రైవరో తెలియాలంటే టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌కి హైఫన్ కే తగిలించి కొట్టండి, గ్రాఫిక్స్ కార్డ్ కింద వాడుకలో ఉన్న కెర్నల్ డ్రైవర్ పేరు వస్తుంది. ఇంటెల్ ఐ915 అయితే: ఐ915, చుక్క, ఎనేబుల్, అండర్‌స్కోర్, పీఎస్ఆర్, ఈక్వల్స్, సున్నా. అంతా చిన్న అక్షరాలే, మధ్యలో ఖాళీ ఉండకూడదు. ఇంటెల్ కొత్త డ్రైవర్ ఎక్స్ఈ అయితే ఐ915 బదులు ఎక్స్ఈ. ఏఎండీజీపీయూ అయితే: ఏఎండీజీపీయూ, చుక్క, డీసీడీబగ్‌మాస్క్, ఈక్వల్స్, సున్నా, ఎక్స్, ఒకటి, సున్నా.

కొత్త కెర్నల్, పీఎస్ఆర్ ఆఫ్. స్క్రీన్ క్లీన్. మళ్లీ మామూలుగా బూట్ చేశా, గీతలు వచ్చాయి. మళ్లీ ఆఫ్ చేశా, పోయాయి. రెండోసారి కూడా ఎందుకంటే, ఒక్కసారి పోవడం లక్ అవ్వొచ్చు.

పర్మనెంట్‌గా పెట్టడానికి ఉబుంటు, మింట్ లాంటి వాటిలో ఈటీసీ ఫోల్డర్ లోపల డిఫాల్ట్ ఫోల్డర్‌లో ఉన్న గ్రబ్ ఫైల్ తెరిచి, డిఫాల్ట్ కమాండ్ లైన్ అని ఉన్న చోట కోట్స్ లోపల అదే మాట చేర్చి, అప్‌డేట్ గ్రబ్ కమాండ్ కొట్టాలి. ఫెడోరాలో గ్రబ్బీ అనే టూల్ ఉంది.

మీ స్క్రీన్‌షాట్‌లోనే గీతలు ఉంటే?

అప్పుడు దారి వేరు. ముందు ఒక్క యాప్‌లోనే వస్తోందా, అన్నిట్లోనా చూడండి. ఒక్క బ్రౌజర్‌లోనే అయితే దాని సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపి చూడండి. వేరే యాప్ అయితే టెర్మినల్ నుంచి లిబ్‌జీఎల్ ఆల్వేస్ సాఫ్ట్‌వేర్ అనే వేరియబుల్‌ని 1గా పెట్టి తెరవండి (అన్నీ పెద్ద అక్షరాలు, పదాల మధ్య అండర్‌స్కోర్). ఓపెన్‌జీఎల్ వాడే యాప్ అయితే బొమ్మ గీసే పని జీపీయూ నుంచి ప్రాసెసర్‌కి మారుతుంది. నెమ్మదిగా నడుస్తుంది కానీ గీతలు పోతే దొంగ జీపీయూ వైపు డ్రైవర్లోనే ఉన్నాడని తెలిసినట్టే.

ఏఎండీ ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌లో ర్యామ్ నిండినప్పుడు స్క్రీన్ కొట్టుకుంటుంటే ఎస్‌జీ డిస్‌ప్లే అనే ఆప్షన్‌ని సున్నా చేసి చూడమని కెర్నల్ డాక్యుమెంటేషనే చెప్తోంది. ఎన్‌విడియా సొంత డ్రైవర్‌లో ల్యాప్‌టాప్ నిద్ర లేచాక విండోలు చెత్తచెత్తగా కనిపిస్తే, నిద్రపోయే ముందు వీడియో మెమరీని మొత్తం సేవ్ చేసే సెట్టింగ్ ఒకటి ఉంది, దాన్ని ఆన్ చేయాలి. ఎన్‌విడియాకీ లైనక్స్‌కీ ఉన్న పాత పగ మీకు తెలిసిందే. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీలో లైనస్ టోర్వాల్డ్స్ కెమెరా ముందే మధ్యవేలు చూపించాడు. అదే కంపెనీ 2022 మేలో తన కెర్నల్ మాడ్యూల్స్ సోర్స్ కోడ్ బయటపెట్టింది. పదేళ్లు పట్టింది.

బయోస్‌లో కూడా గీతలు కనిపిస్తే ఇక సాఫ్ట్‌వేర్ మీద టైమ్ వేస్ట్ చేయకండి, అప్పుడు షాపుకే పోవాలి. గీతలతో పాటు యాప్‌లు ఊరికే క్రాష్ అవుతుంటే ర్యామ్ మీద అనుమానం పెట్టుకుని మెమ్‌టెస్ట్ ఒక రాత్రంతా నడపండి.

ఇంకొకటి. గూగుల్ చేస్తే ప్రతి చోటా 'నోమోడ్‌సెట్' పెట్టమనే సలహా వస్తుంది. అది అసలు గ్రాఫిక్స్ డ్రైవర్‌నే పక్కన కూర్చోబెట్టి డిమ్మీ మోడ్‌లో నడిపిస్తుంది. బూట్ కూడా కానప్పుడు లోపలికి వెళ్లడానికి పనికొస్తుంది, అంతే. దాన్ని పర్మనెంట్‌గా పెట్టుకుని లైనక్స్ స్లో, బ్రైట్‌నెస్ కీలు పనిచేయట్లేదు అని తిట్టుకునేవాళ్లని నా బీటెక్ బ్యాచ్‌లోనే నలుగుర్ని చూశా. అలాగే కంపెనీ సైట్ నుంచి డ్రైవర్ ఫైల్ దింపి చేత్తో ఎక్కించడం విండోస్ అలవాటు. లైనక్స్‌లో డిస్ట్రో ఇచ్చిన ప్యాకేజీ ఉంటే దాని జోలికే పోవద్దు. తర్వాతి కెర్నల్ అప్‌డేట్‌కి నల్ల స్క్రీన్ ఎదురవుతుంది.

సోమవారం టెస్ట్ చెల్లె పాత కెర్నల్‌లోనే రాసింది. నా ఫిక్స్ మీద నమ్మకం లేక కాదట, "ఎందుకైనా మంచిది" అని. నాలుగు ప్రశ్నల్లో మూడు చేసింది. షాపుకి నాయిన ఫోన్ చేసి పార్ట్ వద్దన్నాడు. వాళ్లు కూడా మర్యాదగానే సరేనన్నారు, ఏం చేస్తే పోయిందో చెప్పమని అడిగారు, చెప్పా.

ఆ వారం కూర్చుని బగ్ రిపోర్ట్ రాశా. కెర్నల్ లాగ్, ప్యానెల్ మోడల్, పాత కెర్నల్‌లో బాగుందన్న సంగతి, పీఎస్ఆర్ ఆపితే పోతోందన్న సంగతి, స్లో మోషన్ వీడియో అన్నీ జతచేశా. పీఎస్ఆర్ ఆపాక బ్యాటరీ కొంచెం ముందే అయిపోతోందని చెల్లె అంటోంది, నేను కొలవలేదు. కొత్త కెర్నల్ పడినప్పుడల్లా ఆ మాట ఒకసారి తీసేసి బూట్ చేసి చూడమని చెప్పా. మొన్న తీసి చూసిందట. "ఇంక కొట్టుకుంటనే ఉంది అన్నా" అని మెసేజ్ పెట్టి, మళ్లీ తనే చేర్చేసుకుంది.